మా ఇంటి ఫ్యూజు

ఇంట్లో దీపాలు ఆరిపోగానే మనకు మొదట కోపం వచ్చేది ఫ్యూజు మీద. "పాడు ఫ్యూజు మళ్ళీ పోయింది!" అని విసుక్కుంటాము. తప్పంతా దానిదే అయినట్లు మాట్లాడుతాము. అర్ధరాత్రి కాపలావాడు "దొంగ, దొంగ" అని కేక వేస్తే, నిద్ర చెడగొట్టావని వాడినే తిట్టే యజమానికీ మనకూ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. గడచిన వేసవిలో నెలన్నర రోజులు మా ఇంట్లో ఫ్యూజులతో పడిన తంటాలు ఇన్నీ అన్నీ కావు. అయితే ఆ తంటాల వల్ల తెలిసివచ్చిన సంగతులు కొన్ని ఉన్నాయి. నాలుగు కుటుంబాలకు పనికివస్తాయన్న ఆశతో వాటిని ఇక్కడ వ్రాస్తున్నాము.

మా బరంపురంలో పాత వీధుల ఇండ్లు ఎలా ఉంటాయో ఈ ఊరివారికి వేరే చెప్పనక్కరలేదు. గోడకు గోడ ఆనుకుని, వీధి నుంచి పెరటి దాకా రైలుపెట్టెలా సాగిపోయే వరుస ఇండ్లు. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం జిల్లా మద్రాసు నుంచి విడివడి ఒరిస్సాలో చేరేనాటికే మా తాతగారు ఈ ఇంట్లో ఉన్నారు. ఇంటిలోకి విద్యుద్దీపం ఆ తరువాత ఎప్పుడో వచ్చింది. ఆనాడు గదికొక దీపం, హాలులో ఒక పంకా, అంతే. గోడ మీద చెక్కపట్టీ బిగించి, దాని మీద సన్నటి తీగలు పరిచి వెళ్ళారు. ఆ తీగల మీదనే తరువాతి తరాలవారు ఇస్త్రీపెట్టె, ఫ్రిజ్, మిక్సీ, గీజరు, ఒకదాని తరువాత ఒకటిగా తగిలిస్తూ వచ్చారు. సోలాపురంలోనో, హోసూరులోనో, యానాంలోనో తాతలనాటి ఇంట్లో కాపురం చేస్తున్న మన పాఠకులకూ ఇది కొత్త కథ కాదనుకుంటాము.

మా ఇంట్లో మైక్రోవేవు పొయ్యి మోజు కొద్దీ కొన్నది కాదు. మా అమ్మగారికి ఎనభైనాలుగేళ్ళు. చేతులు వణుకుతాయి. ఒకనాడు పాలు దింపబోయి చీరకొంగు గ్యాసుమంట దగ్గరకు పోతే, పక్కింటి కోడలు చూసి లాగబట్టి సరిపోయింది. ఆనాటినుంచి పొయ్యి వెలిగించవద్దని అందరమూ కలిసి ఆమెకు ఆంక్ష పెట్టాము. పగలు మేమంతా ఎవరి పనులమీద వారు వెళ్ళిపోతాము. మధ్యాహ్నం ఆమె అన్నం, చారు, కాసిని పాలు వెచ్చబెట్టుకోవాలి కదా? అందుకని కొన్నాము. రెండు మీటలు నొక్కడం నేర్చుకున్నది. ఎనిమిదేళ్ళుగా ఎవరి సాయమూ లేకుండా ఆమె మధ్యాహ్నం గడిచిపోతున్నదంటే ఆ పెట్టె పుణ్యమే.

ఈ పొయ్యి పుట్టుక చిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధంలో శత్రువిమానాలను కనిపెట్టే రాడార్ కోసం 1940లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు శక్తిమంతమైన మాగ్నెట్రాన్ గొట్టాన్ని తయారుచేశారు. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు ఆ గొట్టం శక్తితో వంట చేయవచ్చునని గ్రహించి, ఆ సంవత్సరమే పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. దాని దగ్గర నిలబడినప్పుడు జేబులోని మిఠాయి కరిగిపోగా ఆయనకు ఈ ఊహ తట్టిందని చెప్పుకుంటారు. 1947లో బజారులోకి వచ్చిన మొదటి పొయ్యి మనిషంత ఎత్తు, మూడువందల కిలోలకు పైగా బరువు. వంటింటి బల్ల మీద ఇమిడే పెట్టె 1967లో గాని ఆ దేశంలో ఇండ్లకు చేరలేదు. యుద్ధంలో పుట్టిన యంత్రం చివరకు మా అమ్మగారి చారు వెచ్చబెట్టడానికి వచ్చింది. మంచిదే!

ఇక అసలు కథ. మొదట పోయినది పొయ్యిలోని ఫ్యూజు కాదు, ఇంటి ఫ్యూజు. ఉదయం ఎనిమిది గంటలయ్యేసరికి వంటింటి వైపు కరెంటు పోయేది. పింగాణీ కటౌటు పీకి చూస్తే తీగ కరిగిపోయి ఉండేది. కొత్త తీగ చుట్టేవాళ్ళం. రెండురోజులు బాగుండేది. మూడోనాడు మళ్ళీ అదే వరుస. పోయినప్పుడల్లా మైక్రోవేవు నడుస్తూ ఉండేది గనుక నేరం దాని నెత్తిన పడింది.

"ఆ పెట్టెకు నా మీద కోపం లేదు, ఉదయం మీద కోపం. మధ్యాహ్నం నేను పెట్టుకుంటే ఎన్నడూ పోలేదే?" అన్నది మా అమ్మ.

ఆ మాట విని ఆలోచించవలసి వచ్చింది. ఉదయం ఎనిమిదికి మా ఇంట్లో జరిగేదేమిటి? ఒకరు స్నానానికి గీజరు వేస్తారు. ఒకరు చట్నీకి మిక్సీ తిప్పుతారు. ఒకరు రాత్రి కూర మైక్రోవేవులో పెడతారు. మూడూ ఒకే కటౌటు మీద ఉన్నాయి. లెక్క వేసి చూశాము. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి, ఇంతకన్న గణితం అక్కరలేదు. గీజరు 2000 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. మిక్సీ 750 వాట్లు, అనగా 3.3. మైక్రోవేవు మీద 800 వాట్లని వ్రాసి ఉన్నా అది పదార్థానికి అందే శక్తి మాత్రమే. గోడ నుంచి లాగేది 1200 వాట్లని వెనకవైపు రేకు మీద చిన్న అక్షరాలలో ఉన్నది. అది 5.2. మొత్తం పదిహేడు దాటింది. కటౌటులో ఉన్నది పది ఆంపియర్ల తీగ. నిమిషంలో కాకపోయినా నాలుగైదు నిమిషాలకు కరగక ఏమి చేస్తుంది?

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. మా బంధువుల కుర్రవాడొకడు వచ్చి చూసి, "ఇంత గొడవ ఎందుకు బాబాయ్! ఆ సన్నతీగ తీసిపారేసి లావుతీగ చుట్టండి, జన్మలో పోదు" అన్నాడు. నిజమే, పోదు. ఆ సలహా వింటే మరి పోయేదేమిటో కూడా ఆలోచించాలి గదా! కరెంటు ఎక్కువైనప్పుడు ఎక్కడో ఒకచోట వేడి పుట్టి తీరుతుంది. ఆ వేడికి కరగడానికని మనం ఒక బలహీనమైన చోటు కావాలని పెట్టుకున్నాము, అదే ఫ్యూజు. దానిని బలపరిస్తే ఆ తరువాతి బలహీనమైన చోటు కరుగుతుంది. అది మా ఇంట్లో చెక్కపట్టీ మీద పరిచిన తాతలనాటి సన్నతీగ. చెక్క మీద తీగ కాలితే ఏమవుతుందో, గోడకు గోడ ఆనుకున్న వీధిలో అది ఎన్ని ఇండ్లవరకు పోతుందో చెప్పనక్కరలేదు. మొరిగిన కుక్కను కట్టివేసి హాయిగా పడుకోవడం వంటిది ఆ సలహా.

మేము చేసినది వేరు. తెలిసిన ఎలక్ట్రికల్ మిస్త్రీని పిలిచి, మెయిన్ బోర్డు నుంచి వంటింటికి గొట్టంలో వేరే రాగితీగ లాగించి, మైక్రోవేవుకు తనదైన పదహారు ఆంపియర్ల ప్లగ్గు, దానికొక స్విచ్చి, ఎర్తు, ఎం.సి.బి. పెట్టించాము. గీజరుకూ అలాగే. పెద్దకాళ్ళ పిన్నును చిన్న ప్లగ్గులో దూర్చడానికి వాడే మధ్యవర్తి ప్లగ్గును ఆనాడే చెత్తబుట్టలో వేశాము. అది వేడెక్కి అంచులు గోధుమరంగుకు తిరిగి ఉన్నది.

ఇంటి ఫ్యూజు మరి పోలేదు. అందరమూ నిబ్బరంగా ఉన్నాము. పదిరోజులు తిరక్కుండా రెండో రోగం బయలుదేరింది.

ఈసారి ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి, పంకా తిరుగుతున్నది. మైక్రోవేవు ఒక్కటే చచ్చిన పెట్టెలా నిలబడింది. లోపల దీపం లేదు, గడియారం అంకెలు లేవు. అదే ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెడితే వేడెక్కింది. అంటే పోయినది పెట్టె లోపలి ఫ్యూజు. వేలి కణుపంత పొడవున్న పింగాణీ గొట్టమది. మా పొయ్యిలో ఉన్నది ఎనిమిది ఆంపియర్లది.

మొదటి మెకానిక్కు వచ్చి పెట్టె విప్పి, ఫ్యూజు మార్చి, డబ్బు పుచ్చుకుని వెళ్ళాడు. ఎందుకు పోయిందని అడిగితే "వోల్టేజి" అన్నాడు. మన ఊళ్ళలో ఏ యంత్రం చెడినా వోల్టేజి, ఏ మనిషికి జబ్బు చేసినా గ్యాసు! మూడోరోజు మధ్యాహ్నం మళ్ళీ పోయింది. రెండో మెకానిక్కు ఇంకా ఉదారుడు. "ఎనిమిది నిలవదండి, పదిహేను వేస్తాను" అన్నాడు. లావుతీగ కుర్రవాడి సలహానే ఇతగాడు వేరే భాషలో చెప్పాడన్నమాట. వద్దని పంపివేశాము.

ఈ రోజుల్లో మా అమ్మగారి అవస్థ చూడవలసింది. మధ్యాహ్నం చల్లటి అన్నమే తినేది. అడిగితే "ఎండాకాలమే గదా, చల్లగా బాగుంది" అనేది. మా అబ్బాయి "పాతదైపోయింది, పారేద్దాం. నాయనమ్మకు ఫ్లాస్కులో పోసి పెడితే సరి" అని తేల్చేశాడు. అప్పుడు ఆమె ఒక్కసారి గొంతు పెంచింది. "పొయ్యి ముట్టుకోవద్దన్నారు, మానేశాను. నుయ్యి దగ్గరికి పోవద్దన్నారు, మానేశాను. ఇదీ తీసేయండి. గ్లాసెడు పాలు వేడి కావాలన్నా మీరొచ్చేదాకా గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాను" అన్నది. ఆ మాటకు ఎవరమూ జవాబు చెప్పలేదు. అంతవరకు మేము దానిని ఒక యంత్రం మరమ్మతనుకుంటున్నాము.

మూడో మెకానిక్కు ఒడియావాడు, అరవై దాటినవాడు. వచ్చి స్క్రూడ్రైవరు తీయకుండా, స్టూలు మీద కూర్చుని మా అమ్మగారినే అడిగాడు. "మావుసీ, ఎప్పుడు పోతున్నది? ప్లగ్గు పెట్టగానేనా? మీట నొక్కగానేనా? కాసేపు నడిచిన తరువాతనా? తలుపు తీసినప్పుడా?" బరంపురంలో పుట్టి పెరిగిన మనిషి గనుక ఒడియాలోనే సమాధానం చెప్పింది. గంట కొట్టేదాకా తాను ఆగననీ, పాలు పొంగుతాయేమోనని నడుస్తుండగానే తలుపు లాగేస్తాననీ, ఫ్యూజు పోయిన మూడుసార్లూ తలుపు లాగినప్పుడే లోపల "టప్"మన్నదనీ చెప్పింది. ముందు వచ్చిన ఇద్దరూ ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు సుమా!

"అయితే సగం పని అయిపోయింది" అన్నాడాయన. తరువాత మాకు బోధపరచినది ఇది.

మైక్రోవేవు తలుపుకు కొక్కేలు ఉంటాయి. తలుపు మూసినప్పుడు అవి లోపల మూడు చిన్న స్విచ్చీలను నొక్కుతాయి. రెండు స్విచ్చీల పని, తలుపు తెరవగానే కరెంటు తెంచివేయడం. తలుపు తెరిచి ఉండగా తరంగాలు బయటికి రాకూడదు గనుక, ఒకటి తప్పినా రెండోది ఉంటుందని రెండు పెట్టారు. మూడోది వీటిమీద నిఘా. తలుపు తెరిచినా కరెంటు తెగలేదంటే, ఆ మూడోది కావాలనే రెండు తీగలను కలిపివేసి, ఫ్యూజును కాల్చివేసి, పొయ్యి మళ్ళీ నడవకుండా చేస్తుంది. నడుస్తున్న పొయ్యి తలుపు లాగినప్పుడల్లా స్విచ్చీలో చిన్న నిప్పురవ్వ లేస్తుంది. ఎనిమిదేళ్ళ రవ్వలకు మా స్విచ్చీల మొనలు నల్లబడి, అతుక్కుపోయి, విడవలసినప్పుడు విడవడం మానేశాయి. తలుపు కొక్కెం కూడా కొంచెం అరిగి జారింది. అప్పుడు మూడో స్విచ్చి తన ధర్మం తాను నిర్వర్తించింది.

అంటే ఏమన్నమాట? ఫ్యూజు పోవడం పొయ్యి జబ్బు కాదు. పొయ్యి మా అమ్మను కాపాడుతున్న తీరు. రెండో మెకానిక్కు చెప్పినట్టు పెద్ద ఫ్యూజు వేయించి ఉంటే, ఒకనాటికి ఆ కాపలా స్విచ్చే కాలిపోయి ఉండేది. ఆపైన తలుపు తెరిచినా లోపల మాగ్నెట్రాన్ ఆగదు. ఆమె చేయి గిన్నె కోసం లోపలికి పోతుంది, ముఖం తలుపు ఎదుట ఉంటుంది. ఈ తరంగాలు కంటికి కనబడవు, శబ్దం చేయవు. పాలను ఉడికించినట్లే చేతినీ ఉడికిస్తాయి. కంటిలోని కటకానికి రక్తప్రసారం లేదు గనుక అక్కడ పుట్టిన వేడి తొందరగా చల్లారదు. ఇదంతా ఒక చిన్న గొట్టం ఆపింది. మూడుసార్లు ఆపింది. మూడుసార్లూ మేము దానినే తిట్టాము.

మూడు స్విచ్చీలూ మార్చి, కొక్కెం సరిచేసి, సరిగ్గా ఎనిమిది ఆంపియర్ల ఫ్యూజే వేసి, ఒక గ్లాసుడు నీళ్ళు పెట్టి నడిపి చూశాడు. పొయ్యి నడుస్తుండగా తలుపు చుట్టూ ఒక చిన్న మీటరు తిప్పాడు. ఐదు సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు ఐదు మిల్లీవాట్లకు మించి తరంగాలు రాకూడదని నియమం. మాది అందులో చాలా తక్కువ చూపించింది. మొత్తం ఖర్చు ఇంటిల్లిపాదీ ఒకసారి సినిమాకు పోయివచ్చేపాటి.

ఇంకొక సంగతి ఆయన గట్టిగా చెప్పాడు. మా అబ్బాయి పక్కన నిలబడి కుతూహలంగా చూస్తూ, "ఇంతేనా! ఈసారి నేనే విప్పుతాను" అన్నాడు. ఆయన చేతిలోని పని ఆపి, లోపల ఉన్న డబ్బా వంటి కెపాసిటర్ను చూపించి, "బాబూ, ప్లగ్గు పీకేసినా ఇందులో ప్రాణం తీసే కరెంటు దాగి ఉంటుంది. ఇక్కడ నడిచేది 230 వోల్టులు కాదు, వేలల్లో. రేడియో విప్పు, పంకా విప్పు, దీన్ని మాత్రం విప్పకు" అన్నాడు. మాటవరసకు చెప్పినది కాదు. ఇంట్లోని వస్తువులన్నింటిలో విప్పడానికి మహా ప్రమాదమైనది ఇదేనని తెలిసినవారంతా చెబుతారు. కెపాసిటర్ లోని విద్యుత్తు మెల్లగా కారిపోవడానికి లోపల ఏర్పాటు ఉంటుంది, కాని ఆ ఏర్పాటే చెడిపోయి ఉండవచ్చు. బయట నుంచి చూసి చెప్పలేము.

విప్పకుండా ఇంటివారు చేయగలిగిన పని మాత్రం చాలా ఉన్నది. మొదట, పోయినది ఇంటి ఫ్యూజా, పెట్టెలోని ఫ్యూజా తేల్చుకోవాలి. ఇంటిదైతే ఆ సమయంలో ఇంకేమేమి నడుస్తున్నవో చూసుకుని లెక్క వేయాలి. ప్లగ్గు వదులుగా ఉన్నదా, వేడెక్కుతున్నదా, తీగ ఎక్కడైనా నలిగిందా చూడాలి. పెట్టెదైతే, ఏ క్షణంలో పోయిందో గుర్తుపెట్టుకోవాలి. ప్లగ్గు పెట్టగానే పోతే తీగలోనో, తీగ లోపలికి చేరే చోటనో దోషం ఉండవచ్చు. తలుపు తీసినప్పుడో మూసినప్పుడో పోతే ముందుగా స్విచ్చీలను అనుమానించాలి. మీట నొక్కగానే బరువుగా ఒక మూలుగు మూలిగి పోతే కెపాసిటర్, డయోడు, ట్రాన్స్‌ఫార్మరు, మాగ్నెట్రాన్ వీటిలో ఏదో ఒకటి చెడి ఉంటుంది. చాలాసేపు నడిచి పోతే వేడి వల్ల వచ్చిన దోషమో, గాలి ఆడకపోవడమో కావచ్చు. ఎర్తు లీకు కనిపెట్టే స్విచ్చి పడిపోతున్నదంటే అది వేరే జాతి రోగం. ఎక్కడో కరెంటు పెట్టె రేకులోకి కారుతున్నది, తాకవద్దు.

సముద్రపు గాలి వీచే మా వంటి ఊళ్ళలో తేమ ఒక శత్రువు. బొద్దింక ఇంకొకటి. వెచ్చగా ఉంటుందని ఆ పెట్టె వెనుక కన్నాలలోంచి దూరి, లోపలి పలక మీద కాపురం పెడుతుంది. మా పెట్టె విప్పినప్పుడు రెండు ఎండిపోయిన బొద్దింకలు బయటపడ్డాయి. పెట్టెను గోడకు జానెడు దూరంగా జరిపి, వారానికొకసారి ప్లగ్గు తీసి వెనుక తుడుస్తున్నాము.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా ఊరు రోజుల తరబడి చీకట్లో ఉన్నది. కిరసనాయిలు బుడ్డి వెలుగులో పులిహోర కలుపుకుని తిన్నాము, ఎవరికీ ఏ లోటూ అనిపించలేదు. ఆ లెక్కన ఈ పెట్టె లేకపోయినా మేము బ్రతకగలము. కాని ఇంట్లో ఒక ముసలిప్రాణానికి తన పాలు తాను వెచ్చబెట్టుకునే వీలు ఉండడం, లేకపోవడం ఒకటి కాదని ఈ నెలన్నరలో తెలిసింది. ఆ వీలును నిలబెట్టడానికి కొంచెం డబ్బు, కొంచెం ఓపిక, సరైన ప్రశ్న అడిగే మనిషి ఒకడు కావలసివచ్చారు.

ఇప్పుడు మా అమ్మగారు గంట కొట్టేదాకా ఆగుతున్నదా అంటే, సగంరోజులు ఆగుతున్నది. మిగతా సగంరోజులు మీట నొక్కి ఆపి, తరువాత తలుపు తీస్తున్నది. అది చాలునన్నాడు మెకానిక్కు.

చివరగా పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో కటౌటు ఒకసారి పీకి చూడండి. అందులో ఉన్నది అసలు ఫ్యూజుతీగేనా, లేక ఎవరో ఎప్పుడో అవసరానికి చుట్టిన దీపంతీగ ముక్కా? రెండోదైతే, ఈ పత్రిక పక్కన పెట్టి ముందుగా ఎలక్ట్రికల్ మిస్త్రీకి కబురు పంపండి.